పక్షవాతం తర్వాత తిండి – 3వ పాఠం: ప్రోటీన్ లెక్క, జావ చిక్కదనం

పోయిన పాఠంలో దండచేయి చుట్టుకొలత తీయడం నేర్చుకున్నాం. మంచి చేతికే తీశారు కదా? పడిపోయిన చెయ్యి వాచి ఉంటే కొలత ఎక్కువ చూపిస్తుంది. 23.5 సెంటీమీటర్ల లోపు వచ్చినా, మూడు నుంచి ఆరు నెలల్లో ఒంటి బరువు పదో వంతు తగ్గినా పోషణ చాలడం లేదనే అనుకోవాలి. అలాంటి మనిషికి ఫిజియోథెరపీ ఎంత చేయించినా కండ పట్టదు, పడక పుండ్లు మానవు.

మన ఇళ్లలో దీనికి పెద్ద కారణం పత్యం. గుడ్డు వేడి, పప్పు వాతం అని మానిపించి మూడు పూటలా రాగి జావ పోస్తారు. గ్లాసుకు 25 గ్రాముల పిండి చొప్పున మూడు గ్లాసులకు వచ్చేది సుమారు 240 క్యాలరీలు, 5 గ్రాముల ప్రోటీన్. 55 కిలోల మనిషికి కావలసింది కిలోకు 25–30 క్యాలరీల లెక్కన రోజుకు 1375 నుంచి 1650. ప్రోటీన్ కిలోకు 1.2 గ్రాముల చొప్పున 66 గ్రాములు. ఎంత తేడా ఉందో చూడండి.

ఆ 66 గ్రాములూ మన వంటింట్లోనే దొరుకుతాయి. రెండు గుడ్లకు 12, పాలూ పెరుగూ కలిపి అర లీటరుకు 16, రోజు మొత్తానికి 90 గ్రాముల కందిపప్పుకు (వండకముందు తూకం) 20, 150 గ్రాముల బియ్యానికి 11, 20 గ్రాముల పల్లీలకు 5, జావలో 30 గ్రాముల రాగిపిండికి 2. పల్లీలను పొడిగా పెట్టకండి, గొంతులో అతుక్కుని పొలమారుతుంది. మెత్తగా నూరి పప్పులో కలపండి. గుడ్డు తినని ఇంట్లో పాలు, పెరుగు, పనీరు పెంచుకోవాలి. పావురం మాంసం పెడితే పక్షవాతం తగ్గుతుందని వెతికి తెచ్చేవాళ్లున్నారు. అందులో మందేమీ లేదు, ఉన్నది ప్రోటీనే, అది కోడిలోనూ ఉంది. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టరుకు చూపించాకే మొదలుపెట్టండి.

ఇక చిక్కదనం. పక్షవాతంతో మింగడం దెబ్బతిన్న మనిషికి పలచనివి ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు, అందుకే జావ, నీళ్లు చిక్కబరిచి ఇస్తారు. మింగడం పరీక్షించిన స్పీచ్ థెరపిస్టు 0 నుంచి 4 దాకా ఏ చిక్కదనం స్థాయి చెప్పారో అదే ఇవ్వాలి. పరీక్ష కాకుండా నోటికి ఏమీ పెట్టకూడదు. దగ్గు రాలేదు కాబట్టి ఫర్వాలేదనుకోవద్దు, కొందరిలో చప్పుడు లేకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కొలవడానికి సూది తీసేసిన 10 మి.లీ. సిరంజి చాలు. సున్నా గీత నుంచి 10 గీత దాకా 61.5 మిల్లీమీటర్లు ఉన్నదే వాడండి, పొట్టి సిరంజితో లెక్క తప్పుతుంది. పిస్టన్ లాగేసి, కింద మొన వేలితో మూసి, 10 గీత దాకా జావ పోయండి. వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకు మళ్లీ మూయండి. 1 మి.లీ. లోపు మిగిలితే నీళ్లతో సమానం, అంటే 0 స్థాయి. 1 నుంచి 4 మిగిలితే 1వ స్థాయి, 4 నుంచి 8 అయితే 2, ఎనిమిదికి పైన మిగిలితే 3. అసలు కారకపోతే 4, దానికి చెంచా పరీక్ష వేరే ఉంది. ఉండ అడ్డం పడితే ఉన్నదానికన్నా చిక్కగా చూపిస్తుంది కాబట్టి ముందు వడకట్టండి. చల్లారేకొద్దీ జావ గట్టిపడుతుంది, తాగే వేడిలోనే కొలవాలి.

చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. ఎంగిలి చెంచా గిన్నెలో ముంచిన ప్రతిసారీ లాలాజలం జావలో కలుస్తుంది. అందులోని ఎంజైము పిండి పదార్థాన్ని విరగ్గొడుతుంది. మొదటి చెంచా 3వ స్థాయిలో ఉన్న జావ పావుగంటకల్లా పలచనై పొలమారుతుంది. పెద్ద గిన్నెలోంచి 50 మి.లీ. చొప్పున చిన్న కప్పులోకి ఒంపుకుని తాగించండి, కప్పులో మిగిలింది పారబోయండి. జాంథన్ గమ్‌తో చేసిన చిక్కబరిచే పొడికి ఈ ఇబ్బంది లేదు.

పొడి కలిపి చిక్కబరిచిన నీళ్లు ఎవరికీ రుచించవు, అందుకే రోగి తక్కువ తాగుతాడు. మూత్రం ముదురు పసుపు రంగుకు వచ్చిందంటే నీళ్లు చాలడం లేదన్నమాట.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, అయ్యాక అరగంట అలాగే ఉంచండి. తర్వాత టార్చి వేసి చచ్చుబడిన వైపు బుగ్గలో మెతుకులేమైనా నిలిచాయేమో చూసి, పళ్లు తోమండి. ఎడమవైపు ధ్యాస లేని మనిషి పళ్లెంలో ఎడమ సగం అలాగే వదిలేస్తాడు. కడుపు నిండిందనుకోకుండా పళ్లెం తిప్పి పెట్టండి.

అభ్యాసం: మూడు రోజులు పెట్టింది కాకుండా లోపలికి పోయింది మాత్రమే రాసి, ప్రోటీన్ కూడండి. లక్ష్యంలో సగం కూడా రాకపోతే 4వ పాఠం దాకా ఆగకుండా డాక్టరును కలవండి. ఆ పాఠంలో ముక్కు గొట్టం సంగతి చూద్దాం.