పాత స్టాండర్డ్ హెరాల్డ్‌ను మళ్లీ రోడ్డెక్కించడం ఎలా? నట్టు విప్పకముందు వేసుకోవాల్సిన ప్రణాళిక

గోదావరి జిల్లాల్లో పాత కార్లు రైసు మిల్లు షెడ్డులోనో, కొబ్బరి తోటలో రేకుల కిందో పడి ఉంటాయి. వాటిలో స్టాండర్డ్ హెరాల్డ్ కనిపిస్తే వదలకండి. ఇది 1959లో బ్రిటన్‌లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డే. గీసింది ఇటలీకి చెందిన జొవానీ మికెలోట్టి. మన దగ్గర 1961 నుంచి మద్రాసులో 948 సీసీ ఇంజనుతో తయారైంది. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును ఈ చాసీని పొట్టి చేసే కట్టారు. కాబట్టి స్పిట్‌ఫైర్ కోసం బ్రిటన్‌లో ఇప్పటికీ తయారవుతున్న సామానులో కొంత దీనికీ సరిపోతుంది. పైగా చాసీ వేరు, బాడీ వేరు. బాడీ ముక్కలన్నీ బోల్టులతో బిగించినవే గనుక ఇంటి షెడ్డులోనూ పని సాగుతుంది.

మొదట కాగితాలు. ఆర్‌సీలోని చాసీ, ఇంజను నంబర్లను కారు మీద ఉన్నవాటితో అంకె అంకె సరిచూడండి. ఇంజను మార్చి, ఆ సంగతి ఆర్‌సీలో ఎక్కించకపోతే పేరు మార్పు దగ్గర చిక్కుపడుతుంది. పక్క రాష్ట్రం బండి అయితే ఎన్‌వోసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం) సంగతి తేలాకే డబ్బివ్వండి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి 2021 కేంద్ర నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. కొత్తగా చేయించడానికి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. చాసీ, బాడీ, ఇంజనులో మార్పులు చేసిన బండికి ఇది ఇవ్వరు. మారుతి ఇంజను దింపేద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఈ మాట గుర్తుంచుకోండి. వింటేజ్ బండిని రోజువారీ వాడకానికి తిప్పకూడదు. వారం వారం భీమవరం వెళ్లిరావాలని ఉంటే మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకోవడం మేలు.

తర్వాత తుప్పు లెక్క. సముద్రపు గాలి, తడి నేల, రొయ్యల చెరువుల ఉప్పు కలిసి మన దగ్గర బండిని కింది నుంచి తింటాయి. బండిని ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టండి. ఇటుకల మీద వద్దు, బరువు పడితే పగులుతాయి. చిన్న సుత్తితో చాసీ అంతా తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొన గుచ్చండి. ముఖ్యంగా చూడాల్సినవి చాసీ నుంచి పక్కలకు చాచి బాడీని మోసే చేతులు, అంటే ఔట్‌రిగ్గర్లు, డిక్కీ కిందికి పోయే వెనక కొసలు. హెరాల్డ్‌లో తలుపు కింది సిల్లు బండి బరువు మొయ్యదు, బోల్టులతో తగిలించిన రేకు మాత్రమే. నిగనిగలాడే కొత్త సిల్లు చూసి మురిసిపోతే వెనకాల పొడిపొడి అయిన ఔట్‌రిగ్గరు కనపడదు. బాడీ మీద అయస్కాంతం జరుపుతూ పొండి. పట్టు జారినచోట లప్పం మందంగా ఉన్నట్టు. ఆ జాగాలన్నీ చాక్‌పీసుతో గుర్తుపెట్టి ఫొటోలు తీయండి. మీ బడ్జెట్టు ఈ ఫొటోల నుంచే పుడుతుంది.

ఔట్‌రిగ్గరు కోసే ముందు తలుపుల చుట్టూ సందులను మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోవాలి, తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప పట్టీ వెల్డు చేయించాలి. లేకపోతే బాడీ కుంగుతుంది. చాసీ కొత్తదైనా తలుపు పట్టదు. టాపు లేని మోడలుకైతే ఈ పని తప్పనిసరి. ఒకేసారి రెండు పక్కలా కోయించకండి, ఒకటి పూర్తయ్యాకే రెండోది.

ఇంజను స్టార్టు చేయాలన్న ఆత్రాన్ని కాసేపు ఆపుకోండి. ఒకరిని క్లచ్ తొక్కమని ముందున్న క్రాంకు పుల్లీని చూడండి. అది కంటికి కనిపించేంతగా ముందుకూ వెనక్కూ కదిలితే, క్రాంకును అలా జరగకుండా ఆపే థ్రస్టు వాషర్లు అరిగినట్టే. అర్ధచంద్రాకారంలో ఉండే ఆ వాషర్లు సంపులోకి, అంటే ఇంజను కింది ఆయిలు తొట్టిలోకి, జారిపడ్డాక నడిపితే క్రాంకు బ్లాకును రాసుకుని రెండూ పాడవుతాయి. సంపు విప్పి చూశాకే మిగతా పని. బిగిసిన ఇంజనైతే ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో రెండు మూడు చెంచాల డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి వారం వదిలేయండి. తర్వాత చేత్తో తిప్పాలి, స్టార్టరుతో కాదు. బోరింగు, అంటే అరిగిన సిలిండరును కోసి కాస్త పెద్దది చేయడం, అవసరమైతే ముందు ఓవర్‌సైజు పిస్టన్లు తెప్పించండి. 63 మిల్లీమీటర్ల బోరును చేతిలో ఉన్న పిస్టను కొలతకు తగ్గట్టు కోయించాలి. బోరు కోయించి ఆ సైజు పిస్టను దొరక్క బ్లాకు షెడ్డులో మూలపడ్డం తరచూ జరిగే పొరపాటు.

ముందు చక్రాల దగ్గర, నిలువు లింకు కింది కొసన ఇత్తడి ట్రనియన్లు ఉంటాయి, స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే మర కీళ్లు ఇవే. వీటిలోకి గ్రీజు కాదు, ఈపీ 90 గేరాయిలు వెళ్లాలి. గ్రీజు మరలోకి చేరదు, లోపల తుప్పు పట్టి నిలువు లింకు ఒకరోజు పుటుక్కున విరుగుతుంది, చక్రం పక్కకు వాలిపోతుంది. ఎడమ కుడి మరలు వేర్వేరు, కలపకండి. వెనక హబ్బు ఊడదీయడానికి గట్టి పుల్లరు కావాలి. సుత్తి వేస్తే ఫ్లాంజి వంగుతుంది.

సామాను జాబితా రాసేటప్పుడు ఒక హెచ్చరిక. నాలుగు తలుపుల మార్క్ త్రీ మన దేశంలోనే వచ్చింది, దాని వెనక తలుపులు బ్రిటన్‌లో దొరకవు. అలాంటి బండి కొనే ముందే తలుపులు, అద్దాలు, రబ్బర్లు పూర్తిగా ఉన్నాయో లేదో చూడండి. లేత్ పనులకు రాజమండ్రి, కొంచెం పెద్దవాటికి విజయవాడ ఆటోనగర్ ఉన్నాయి. బ్రేకు సిలిండర్ల కిట్లు, నాలుగు హోసులు, పెట్రోలు పైపులు పాతవి ఎంత బాగున్నా మార్చాల్సిందే. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది, నీటిని పీల్చుకుని ట్యాంకుకు తుప్పు తెస్తుంది.

విప్పిన బోల్టులను మూతున్న డబ్బాల్లో, పేరు రాసిన చీటీతో దాచండి. యూరియా సంచుల్లో వేయకండి. లోపల మిగిలిన ఎరువు చెమ్మ లాగి నెలలోనే ఇనుమును తినేస్తుంది. కోతల తర్వాత షెడ్డులో ఎలుకలు చేరతాయి, వైరింగుకూ సీట్లకూ ముప్పు అవే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది క్యాలెండరు. వానాకాలంలో కాగితాలు, విప్పడం, సామాను ఆర్డర్లు. తుపాన్ల నెలలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇంజను, గేర్‌బాక్సు, లేత్ పనులు. సంక్రాంతి దాటాక చాసీకి శాండ్ బ్లాస్టింగు (ఇసుకను జోరుగా కొట్టి తుప్పు వదిలించడం) చేయించి, అక్కడే అదే రోజు ఎపాక్సీ ప్రైమరు కొట్టించాకే ఇంటికి తరలించండి. ఉత్త ఇనుమును ఇంటికి తెచ్చేలోపే మన గాలికి ఎర్రబడుతుంది. బాడీ రేకులకు మాత్రం బ్లాస్టింగు వద్దు, వంకర్లు పోతాయి. రంగు పని ఫిబ్రవరిలో మొదలుపెట్టి, దాళ్వా కోతల దుమ్ము లేవకముందే ఉగాదిలోపు ముగించేలా చూసుకోండి. తడి గాలిలో కొట్టిన లక్కర్ రంగు తెల్లబారుతుంది, కాబట్టి పొగమంచు విడిపోయి ఎండెక్కాకే స్ప్రే పట్టాలి.

రంగు పనిలో శాండ్‌పేపరును తడిపి రుద్దేటప్పుడు బోరు నీళ్లు వాడకండి. సముద్రం వైపు ఊళ్లలో చాలా బోర్లు ఉప్పు. ఆ ఉప్పు ప్రైమరు కింద చిక్కుకుంటే వానాకాలానికల్లా రంగు బొబ్బలు కడుతుంది. ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్నులు కొని వాడితే ఆ ఖర్చు రంగు ఖర్చులో లెక్కలోకి కూడా రాదు.

డబ్బులో మూడో వంతు పక్కన పెట్టాకే పని మొదలెట్టండి. చాసీ విప్పాక బయటపడే తుప్పుకు అది సరిపోవాలి. మిగిలినదాన్ని చాసీ, బ్రేకులు, స్టీరింగు, ఇంజను, రంగు, సీట్లు అన్న వరుసలో పంచండి. డబ్బు మధ్యలో అయిపోతే ప్రైమరు మీద ఆగిన బండి సురక్షితం కాదు, మామూలు ప్రైమరు చెమ్మ పీలుస్తుంది. కనీసం ఒక పూత రంగయినా వేయించి ఆపండి.