ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌కు తగిన పికప్ ట్రక్కు – మూడవ పాఠం: పిన్ బరువు

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట తప్పాయి. అందుచేత ఈసారి చెబుతానన్న టైర్ల సంగతి వాయిదా వేసి, ముందు ఆ తప్పును సరిచేసుకుందాం.

ఫిఫ్త్ వీల్ అంటే పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో బిగించిన హిచ్‌కు (తగిలింపు అమరికకు) తగిలించి లాగే ఇల్లులాంటి ట్రైలర్. దాని ముందు భాగంలోని పిన్ ద్వారా ట్రక్కు మీద పడే భారమే పిన్ బరువు. ఈ ట్రక్కు ఈ ట్రైలర్‌ను మోయగలదా అన్నదే లెక్క. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద కనిపించే పసుపు, తెలుపు స్టిక్కరు ప్రకారం మనుషులు, సామాను కలిసి 2,550 పౌండ్లు మించకూడదు. కుటుంబం 470, హిచ్ 150, పనిముట్లు 80, అంతా కలిపి 700. ట్రైలర్ బ్రోషరులో ఖాళీ బరువు 9,600, పిన్ బరువు 1,800, సామానుతో సహా ఉండదగిన గరిష్ఠ బరువు 12,000 పౌండ్లు. చాలామంది 1,800కు 700 కలిపి, ఇంకా 50 పౌండ్లు మిగిలాయని రాశారు.

ఆ 1,800 ఖాళీ ట్రైలర్‌ది. ఖాళీ ట్రైలర్‌తో ఎవరూ ప్రయాణం చేయరు. బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్లు, బట్టలు, వంట పాత్రలు, ఇరవై పౌండ్ల బియ్యం బస్తా, మిక్సీ, మడత కుర్చీలు ఎక్కాకే అది ఇల్లవుతుంది. పైగా చాలా ట్రైలర్లలో పెద్ద సామాన్ల అర ముందు భాగంలో, సరిగ్గా పిన్ వెనుకే ఉంటుంది. ఎడ్లబండికి ముందు వైపు బరువెక్కితే కాడి మీద భారం పడినట్లే, ఆ అరలో పెట్టినదాని బరువులో ఎక్కువ భాగం ట్రక్కు మీదకే వస్తుంది. మంచినీళ్ల ట్యాంకు ఇరుసులకు ముందుంటే దాని బరువులోనూ కొంత భాగం పిన్ మీద పడుతుంది. గ్యాలన్ నీరు 8.34 పౌండ్లు కనుక అరవై గ్యాలన్లంటే సుమారు 500 పౌండ్లు.

ఫిఫ్త్ వీల్ బరువులో సాధారణంగా 15 నుంచి 25 శాతం పిన్ మీద పడుతుంది. నేను ఎప్పుడూ గరిష్ఠ బరువులో 22 శాతం తీసుకుంటాను, అంతకు తగ్గించి లెక్క వేయను. 12,000లో 22 శాతం 2,640. దానికి 700 కలిపితే 3,340. అంటే మిగులు లేదు సరికదా, 790 పౌండ్లు అదనం. అదే ట్రక్కు 15,000 పౌండ్లు లాగగలదని బ్రోషరు చెప్పినా ఈ లెక్క మారదు, ఎందుకంటే లాగడం వేరు, వీపున మోయడం వేరు. వెనుక స్ప్రింగులకు సాయంగా ఎయిర్ బ్యాగులు (గాలి సంచులు) బిగిస్తే సరిపోతుందా అని కొందరు అడిగారు. వెనుక భాగం కుంగకుండా అవి నిలబెడతాయి గాని, తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువును పెంచవు.

ట్రైలర్ ఇంకా కొనని వారు లెక్కను తిప్పి వేయండి. 2,550లో 700 తీసేసి, మిగిలిన 1,850ను 0.22తో భాగిస్తే సుమారు 8,400 వస్తుంది. గరిష్ఠ బరువు అంతకు మించిన ట్రైలర్ వైపు చూడనే వద్దు. పిల్లలు ఎదుగుతారు, సామాను పెరుగుతుంది కనుక నేనైతే మరో 200 పౌండ్లు వదిలేస్తాను. డీజిల్ ఇంజను బరువెక్కువ కావడంతో అదే మోడల్ పెట్రోలు ట్రక్కుకు తరచూ ఎక్కువ పేలోడ్ (మోయగల బరువు) ఉంటుందన్నది కూడా కొనేముందు చూసుకోండి.

ఈసారి అభ్యాసానికి కాగితం చాలదు. ట్రైలర్ ఉన్నవారు ప్రయాణానికి సిద్ధమైనట్లే అంతా నింపి, కుటుంబంతో సహా దగ్గరి ట్రక్ స్టాపులోని క్యాట్ స్కేలు (లారీలను తూచే కాటా) మీదకు వెళ్లండి. ట్రక్కు ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు వేర్వేరు పలకల మీద ఉండేలా ఆపి తూయించండి. తరువాత ట్రైలర్‌ను విప్పి పక్కన నిలిపి, అదే మనుషులతో, అదే ఇంధనంతో ట్రక్కును ఒంటరిగా తూయించండి. రెండు తూకం చీటీల్లోనూ ట్రక్కు ఇరుసుల మొత్తాలు వేసి తీసివేస్తే మీ అసలు పిన్ బరువు వస్తుంది. మొదటి చీటీలోని వెనుక ఇరుసు అంకెను తలుపు స్తంభం మీద రాసి ఉన్న వెనుక ఇరుసు పరిమితితో పోల్చి, ఆ రెండు అంకెలతో నాలుగవ పాఠానికి రండి. టైర్ల లెక్క అక్కడి నుంచే మొదలుపెడతాను.