చెన్నై యూదుల సమాధిరాళ్ళు: ఫోటో ఎట్లా తీయాలి

నేను షావుకారుపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తాను. ఇక్కడ చెప్పేదంతా ఆ సరంజామాతో అయ్యే పనే. పెద్ద కెమెరా లేకపోతే ఫోను చాలు. వెలుతురు పక్కనుంచి పడాలి, చేసేవాడికి ఓపిక ఉండాలి, ఆ రాళ్ళు ఎవరివో కాస్త తెలిసుండాలి.

1680ల్లో జాక్ దె పైవా అనే పోర్చుగీసు యూదు వ్యాపారి మద్రాసులో ఉండేవాడు. ఆయనలాంటి వాళ్ళు ఇంకా కొందరు. ఇటలీ లివొర్నో రేవు నుంచి వచ్చే పగడాలు ఇక్కడ అమ్మేవాళ్ళు, గోల్కొండ వజ్రాలు కొని ఓడలకి ఎక్కించేవాళ్ళు. గోల్కొండ అని పేరేగానీ వజ్రాలు దొరికింది కొల్లూరులాంటి మన కృష్ణ ఒడ్డు ఊళ్ళలో. 1688లో మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు ఆల్డర్‌మెన్లలో, అంటే నగరసభ పెద్దల్లో, ముగ్గురు యూదులు. జార్జిటౌన్ కోరల్ మర్చంట్ స్ట్రీట్‌కి ఆ పేరు వాళ్ళ వల్ల వచ్చిందే. తరవాత బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి, ఇక్కడి బేరం పలచబడింది, మనుషులూ పలచబడ్డారు.

ఫోటోగ్రఫీ సంగతి ప్రపంచానికి తెలిసింది 1839లో. అప్పటికే పగడాల వాళ్ళ కాలం అయిపోయింది. అంటే వాళ్ళలో ఒక్కరి ఫోటో కూడా ఉండే వీల్లేదు. లిథువేనియాలో ఐషిషోక్ అనే చిన్న ఊళ్ళోని యూదులని నాజీల కాలంలో, 1941 సెప్టెంబరులో కాల్చి చంపేశారు. కానీ ఆ ఊళ్ళో కాట్జ్ దంపతుల ఫోటో స్టూడియో ఉండేది. ఆ ఊరి ఫోటోలు ఎక్కడెక్కడివో చరిత్రకారిణి యఫా ఎలియాక్ పోగుచేశారు కాబట్టి, ఇవాళ వాషింగ్టన్ హోలోకాస్ట్ మ్యూజియంలో ఆ ముఖాలు గోడ నిండా, పైదాకా కనిపిస్తాయి. మద్రాసు వాళ్ళని ఎవరూ చంపలేదు, రెంటినీ ఒక గాటన కట్టకూడదు. కాకపోతే మనకి ముఖాలు లేవు. ఉన్నది రాళ్ళే.

ఆ రాళ్ళు కూడా ఉన్నచోట ఉండలేదు. అసలు శ్మశానం పెద్దనాయకన్‌పేటలో, మింట్ స్ట్రీట్ మీద. 1934లో రాళ్ళని అక్కణ్ణుంచి తీశారు. కొన్నాళ్ళు ఒక పార్కులో, కొన్నాళ్ళు కాసిమేడులో ఉండి, 1983లో లాయిడ్స్ రోడ్డులో ఇప్పుడున్న యూదుల శ్మశానానికి చేరాయి. మనిషిని పూడ్చింది ఒకచోట, రాయి ఉన్నది ఇంకోచోట. అందుకే ఒక్క రాయిని తీసి ఊరుకుంటే సగం పనే అయినట్టు.

ముందు అనుమతి అడగండి. శనివారం వెళ్ళొద్దు, అది వాళ్ళ సబ్బాతు, విశ్రాంతి రోజు. తలమీద టోపీయో రుమాలో ఉండాలి. రాయిమీద ఎవరైనా గులకరాళ్ళు పెట్టి ఉంటే ఫ్రేముకి అడ్డమని తీసేయొద్దు, చూడ్డానికి వచ్చినవాళ్ళు గుర్తుగా పెట్టినవి అవి. పలకమీద కాలు పెట్టి పైనుంచి షాట్ తీసే ఫోజులు అసలే వద్దు.

ఇక వెలుతురు. పనంతా ఇక్కడే ఉంది. చెన్నై ఎండ ఎనిమిది దాటితే నడినెత్తికి ఎక్కడం మొదలుపెడుతుంది. ఎదురుగా వెలుతురు పడితే అరిగిన అక్షరం మాయమైపోతుంది. అదే పక్కనుంచి, రాయిని రాసుకుంటూ పోయేట్టు పడితే గాడిలో ఒక అంచు వెలుగుతుంది, రెండో అంచు నీడలోకి పోతుంది. చేత్తో తడిమితే తప్ప తెలియని గీత ఫోటోలో అక్షరంగా లేస్తుంది. పొద్దున ఏడింటిలోపు అయితే ఎండే ఆ పని చేసిపెడుతుంది. ఆలస్యమైతే రాయికి పైన నల్ల గొడుగు పట్టించండి. వీడియో తీసేటప్పుడు వాడే చిన్న ఎల్ఈడీ లైటుని రాయి అంచుకి ఆనించినట్టే పెట్టండి. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉండాలి, లైటు మాత్రం రాయి చుట్టూ తిరగాలి. లైటు జరిపినప్పుడల్లా ఒక ఫోటో. ఎడమనుంచి కనపడని అక్షరం పైనుంచి కనపడుతుంది. నీడ మరీ చీకటైతే థర్మాకోల్ షీటు దూరంగా పట్టాలి, దగ్గరకి తెస్తే గాడి చదునైపోతుంది.

నా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకసారి, "అన్నా, కాస్త ముగ్గుపిండి రుద్దేద్దామా? అక్షరాలు తెల్లగా కనిపిస్తాయి" అన్నాడు. "వద్దురా, అది గాట్లో కూర్చుందంటే మళ్ళీ రాదు" అన్నాను. సుద్దముక్క, షేవింగ్ క్రీము, ఇనుప బ్రష్, యాసిడ్, ఏవీ వద్దు. దుమ్ముంటే మెత్తని బ్రష్‌తో దులపండి, చాలు.

ప్రతి రాయికీ ముందు మొత్తం, పక్కన స్కేలు పెట్టి, లెన్సు రాయికి సరిగ్గా ఎదురుగా. ఆపైన సగం సగం. ఆపైన వరస వరస. హీబ్రూ కుడినుంచి ఎడమకి పోతుంది, ముక్కలు కూడా ఆ వరసలోనే తీస్తే తరవాత తికమక ఉండదు. దాలెత్ అనే అక్షరానికీ రేష్‌కీ తేడా ఒక్క మూల, హే, హేత్ కూడా అంతే. ఆ మూలలని దగ్గరగా తీయండి. చేతులు రెండూ కలిపి చెక్కి ఉంటే పూజారి వంశం, కోహెన్. నీళ్ళ కూజా ఉంటే లేవీ, అంటే గుళ్ళో పూజారులకి సాయం చేసే వంశం.

సంవత్సరం యూదుల లెక్కలో, అక్షరాల్లో ఉంటుంది. తావ్ 400, సామెఖ్ 60, తేత్ 9 అనుకోండి, 469. వేలు రాయడం మామూలుగా వదిలేస్తారు. దానికి 1240 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం, 1709. శక సంవత్సరానికి 78 కలిపినట్టే. వాళ్ళ కొత్త సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలవుతుంది కాబట్టి అప్పణ్ణుంచి డిసెంబరు ఆఖరుదాకా తేదీలకి 1239 కలపాలి. చదివేవాళ్ళు కావాలంటే మరీ దూరం పోనక్కర్లేదు, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులు ఉన్నారు, ప్రార్థనలకి హీబ్రూ నేర్చుకున్నవాళ్ళు.

పనిలో రెండో సగం అసలు శ్మశానం ఉండిన మింట్ స్ట్రీట్‌లో. ఆదివారం పొద్దున వెళ్ళండి, మిగతా రోజుల్లో బండ్లు, మూటల మధ్య స్టాండు పెట్టే చోటు ఉండదు. పాతకాలంలా కనిపించాలని కరెంటు తీగలు, స్వీటు కొట్టు బోర్డులు తప్పించకండి. ఇవాళ ఆ చోటు ఎట్లా ఉందో అట్లాగే రావాలి. అక్కణ్ణుంచి కోరల్ మర్చంట్ స్ట్రీట్‌కి. ఇప్పుడక్కడ నాట్టుకోట్టై చెట్టియార్ల ఇళ్ళు, సత్రాలు ఉన్నాయి.

తరవాత పెళ్ళి కరిజ్మా ఆల్బమ్ లాగా ఎడమ పేజీలో రాయి, కుడి పేజీలో వీధి. బ్లాక్ అండ్ వైట్ చేయొద్దు. విషాదం దానంతటదే వచ్చేస్తుందని అందరికీ ఒక నమ్మకం, వచ్చేది మాత్రం రాయిమీద నాచేదో మరకేదో తెలియకపోవడం. కింద తేదీ, చోటు, ఏ దిక్కునుంచి తీశారో రాయండి. చదవలేని అక్షరం దగ్గర చుక్కలు పెట్టండి, ఊహించి పూరించొద్దు. ఒరిజినల్ ఫైళ్ళు రెండు డిస్కుల్లో, వేరువేరు ఇళ్ళల్లో ఉంచండి. ఒక ప్రింటు సెట్టు శ్మశానం చూసుకునేవాళ్ళకి ఇవ్వండి. రీల్ చేసి పెడితే మటుకు దయచేసి వెనక షెహనాయి వేయకండి.