కార్తీక సోమవారం పోపు వాసన: ఉపవాసం ఉండేవారికి కొన్ని జాగ్రత్తలు

దీపావళి వెళ్లిన మర్నాటి నుంచి కార్తీకం. సోమవారాలు, నాగులచవితి, ఏకాదశి, పౌర్ణమి అంటూ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉపవాసాలు వరుసపెట్టి వస్తాయి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, గుడి, సాయంత్రం చుక్కలు చూసి భోజనం. ఆకలికి అందరూ ముందే సిద్ధపడతారు. పదకొండింటికి వచ్చే ఉల్లిపాయ వేపుడు వాసనకి మాత్రం ఎవరూ సిద్ధపడరు. నెలంతా మనింట్లో ఉల్లి మానేసినా పక్కింటి కిటికీకి ఆ నియమం లేదు కదా.

ఆ వాసన ముక్కుకు తగలగానే భోజనం వస్తోందని మెదడు కడుపుకు కబురు పెడుతుంది. నోట్లో నీళ్లూరతాయి, కడుపులో యాసిడ్ ఊరుతుంది, కొద్దిగా ఇన్సులిన్ కూడా విడుదల కావచ్చు. ముద్ద కడుపులో పడక్కర్లేదు. రష్యాలో పావ్లోవ్ అనే శాస్త్రవేత్త, కుక్క మింగిన తిండి కడుపులోకి పోకుండా గొంతు దగ్గరే బయటికి వచ్చేసేలా ఆపరేషన్ చేసి చూశాడు. అయినా కడుపులో జఠరరసం ఊరింది. జీర్ణక్రియ మీద చేసిన పనికి ఆయనకి 1904లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కాబట్టి పులిహోర చూసి నోరూరితే భక్తి తక్కువైందని ఎవరూ బాధపడక్కర్లేదు.

పైగా రోజూ తినే వేళకి కడుపులో గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరుగుతుంది. తినకపోయినా గంట, రెండు గంటల్లో దానంతటదే తగ్గుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి ప్రాణం పోయేలా ఉన్న ఆకలి మూడింటికి సర్దుకోవడం అందుకే. ఆ రెండు గంటలూ వంటింటికి దూరంగా ఉండగలిగితే సగం కష్టం తీరినట్టే.

కానీ ఉండనిస్తారా? మన ఇళ్లలో ఉపవాసం ఉండేదీ, పిల్లలకీ ముసలివాళ్లకీ వండిపెట్టేదీ చాలాసార్లు ఒకే మనిషి. ఖాళీ కడుపుతో పొయ్యి దగ్గర నిలబడి పోపు వేయాలి, వేడికి చెమటలు కక్కాలి, "ఏటమ్మా, కూర ఇంకా అవనేదా?" అన్న కేకకి జవాబు చెప్పాలి. నా మటుకు ఇది ఆ ఇంటివాళ్ల తప్పే. ఆ ఒక్కరోజు ఇంకొకరు వండాలి. కుదరకపోతే ఆకలి ముదరకముందే, పొద్దున ఎనిమిదిలోపు, వంట ముగించి మూతలు పెట్టేయండి. వేపుళ్లు, ఆవ పెట్టిన కూరలు మర్నాటికి వాయిదా వేసి పప్పు, చారు, పెరుగుతో సరిపెట్టండి. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే వేయండి. ఉప్పు చూడటం పిల్లలకి అప్పగించండి. నాలుక మీద వేసుకుని ఉమ్మేసినా సరే, రుచి తగిలితే వాసన కంటే గట్టిగా కడుపుని లేపుతుంది. నాగులచవితికి చలిమిడి, వడపప్పు లాంటి పొయ్యి ఎక్కని ప్రసాదాలు పెట్టినవాళ్లు ఏ ఉద్దేశంతో పెట్టారో గానీ, ఉపవాసం ఉన్న మనిషికి మాత్రం పెద్ద సాయమే చేశారు.

కంటికీ ఇదే వర్తిస్తుంది. పొద్దుపోవడానికి ఫోన్‌లో వంటల వీడియోలు చూడకండి. శ్రీముఖలింగం శివాలయానికి వెళ్లి క్యూలో నిలబడేవాళ్లు బజ్జీల మూకుడు పక్కన కాకుండా నీడా గాలీ తగిలే చోట నిలబడండి. నిర్జల వ్రతం కాకపోతే వెంట నీళ్లు ఉంచుకోండి.

"వాసనకే కళ్లు తిరిగాయి" అంటుంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి వాసనవల్ల ఊరే ఆ కాస్త ఇన్సులిన్‌తో షుగర్ అంతగా పడిపోదు. కళ్లు తిరిగితే నీళ్లు తాగకపోవడం, ఎండలో చాలాసేపు నిలబడటం, మాత్రలు, వీటిని అనుమానించాలి. ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రగానీ ఇన్సులిన్‌గానీ రోజూలాగే తీసుకుని తిండి మానేస్తే ప్రమాదం. ఉపవాసానికి వారం ముందే డాక్టర్‌ని అడిగి మోతాదు మార్చుకోవాలి, లేదా ఉపవాసం మానుకోవాలి. వాసన పుట్టించిన ఆకలి అక్కణ్నుంచి లేచి వెళ్తే కాసేపటికి తగ్గుతుంది. చల్లటి చెమట, చేతుల వణుకు, గుండెదడ, మాట తడబాటు ఉంటే అది ఉత్త ఆకలి కాదు. షుగర్ 70 కంటే తగ్గితే ఇంకేమీ ఆలోచించకుండా మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. షుగర్ చూసే మిషన్ లేదని ఆగొద్దు, లక్షణాలు చాలు.

గ్యాస్ట్రిక్, అల్సర్ ఉన్నవాళ్లకి వాసనతో ఊరే యాసిడ్‌కి అడ్డుపడే తిండి ఉండదు, అందుకే మంట. దానిమీద ఖాళీ కడుపున టీ, కాఫీ పోస్తే ఇంకా పెరుగుతుంది. గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం మాట తలపెట్టొద్దు.

ఉద్దానం వాళ్లకి వేరేగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో అందరికీ తెలిసిందే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు నీళ్లు కూడా తాగని ఉపవాసం జోలికి పోకూడదు. ఇంకో సంగతి, ఉపవాసం కదా అని కొబ్బరినీళ్లు, అరటిపళ్లతో సరిపెట్టుకోవడం వీళ్లకి పనికిరాదు. రెండింట్లోనూ పొటాషియం ఎక్కువ. కిడ్నీ బయటికి పంపలేకపోతే అది రక్తంలో పేరుకుని గుండె లయ తప్పేలా చేస్తుంది. కొబ్బరితోటల మధ్య ఉన్నవాళ్లని కొబ్బరినీళ్లు తాగొద్దనడం కష్టమే, కానీ డాక్టర్ సరేనంటేనే.

సాయంత్రం దీపం పెట్టి చుక్క కనిపించాక అసలు పరీక్ష. పొద్దుటినుంచి చూసిన గారెలూ పులిహోరా ఒక్కసారిగా ముందుకొస్తాయి. ముందు నీళ్లు, కొంచెం పలచటి మజ్జిగ, ఒక పండు తీసుకుని ఇరవై నిమిషాలు ఆగండి. తర్వాత అన్నం, పప్పు. నూనె వంటలు చివర్లో, ఒకటి రెండు. తిన్న వెంటనే నడుం వాల్చొద్దు, కనీసం రెండు గంటలు ఆగండి.