డ్రాగ్ కారుకు వెనక వీల్స్ కొనేముందు

తిరుపతిలో డ్రాగ్ రేసుకు (తిన్నని దారిలో కొద్ది దూరం సాగే కారు పందెం) బండి తయారు చేసుకునే తమ్ముళ్లూ, ముందు టైరు ఖాయం చేసుకోండి, రిమ్ము తర్వాతే.

రిమ్ము కొనేముందు చూడాల్సింది బ్యాక్‌స్పేసింగ్. అంటే హబ్బుకు (చక్రం బిగించే చోటు) ఆనే భాగం నుంచి రిమ్ము లోపలి అంచు దాకా ఉన్న దూరం. టైరు తీసేసిన రిమ్మును బోర్లా పెట్టి, పైకొచ్చిన అంచు మీద స్కేలు అడ్డంగా వేసి, టేపుతో కిందికి, హబ్బుకు ఆనే భాగం దాకా కొలవండి. టైరు ఉబ్బు మీద స్కేలు పెడితే లెక్క తప్పుతుంది. ఇంకోటి, 10 అంగుళాల వెడల్పు రిమ్ము బయటి అంచు నుంచి బయటి అంచుకు సుమారు 11 అంగుళాలు ఉంటుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఖాళీ చూడండి. లోపల స్ప్రింగు, బ్రేక్ పైపు. బయట ఫెండర్ అంచు. స్లిక్ టైరు (గాడులు లేని నున్నటి రేసు టైరు) వేగానికి ఎత్తు పెరుగుతుంది కాబట్టి పైన కనీసం అంగుళం వదలండి.

రిమ్ముకు క్యాలిపర్ (బ్రేకు డిస్కును పట్టుకునే భాగం) తగులుతుందేమో చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి.

స్లిక్స్‌తో తిరుమల ఘాట్ మాత్రం ఎక్కొద్దు. తడి రోడ్డు మీద వాటికి పట్టుండదు.