హైదరాబాద్ బాల్కనీలో ఫెర్న్‌లు, నీడ మొక్కలు: కుండీలో బతికించే పద్ధతి

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక అడవి చెట్ల కింద చెమ్మలో పెరిగే మొక్కల గతి ఏమిటో చెప్పక్కర్లేదు. అయినా తూర్పు వైపు చిన్న బాల్కనీలో బర్డ్స్ నెస్ట్ ఫెర్న్, అస్సాం వైపు నుంచి వచ్చిన రెక్స్ బిగోనియా, దక్షిణ చైనాకు చెందిన పీకాక్ ఫెర్న్, థాయ్‌లాండ్ వైపు బ్లూ ఆయిల్ ఫెర్న్ పెంచుతున్నాను. చంపినవి కూడా ఉన్నాయి, ఆ లెక్క ఇప్పుడొద్దు.

ముందు మట్టి సంగతి. నర్సరీ నుంచి వచ్చే మొక్కకి చాలాసార్లు వేళ్ల చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది. అలాగే కుండీలో పెట్టేస్తే పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల బురదగా ఉంటుంది, మనం అయ్యో పాపం అని ఇంకో చెంబు పోస్తాం, వేళ్లు కుళ్లిపోతాయి. బర్డ్స్ నెస్ట్ ఫెర్న్ అయితే అడవిలో ఎక్కువగా చెట్టు మీదే ఉంటుంది, పైనుంచి రాలే ఆకుల్ని తన గిన్నెలో పట్టుకుని ఆ కుళ్లిన సారంతో బతుకుతుంది. దానికి మట్టి ఎందుకు? నేను వాడేది రెండు పాళ్లు కొబ్బరి డొక్క ముక్కలు, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు పర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు), గుప్పెడు వర్మీకంపోస్ట్, గుప్పెడు బొగ్గు ముక్కలు (ఇస్త్రీ బండి దగ్గర అడిగితే ఇస్తారు, బూడిద వద్దు, కాలని బొగ్గే కావాలి). కోకోపీట్ ఇటుకని నానబెట్టి రెండు మూడు సార్లు కడిగి పిండండి, అందులో ఉప్పు ఉంటుంది.

రెక్స్ బిగోనియాకి వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న కుండీ చాలు. దాని దుంప అల్లం కొమ్ములా పైపైనే పాకుతుంది, దాన్ని పూడ్చేయకండి.

నీళ్ల దగ్గరే మనవాళ్లందరూ దెబ్బతింటారు. బోరు నీళ్లు పోస్తే కొన్నాళ్లకి మట్టి కుండీ బయట తెల్లటి ఉప్పు పొర కడుతుంది, ఫెర్న్ ఆకుల అంచులు గోధుమరంగులోకి మాడతాయి, మనం ఎండ అనుకుంటాం. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు ఇంకా అన్యాయం, ఉప్పంతా అందులోనే ఉంటుంది. వాననీళ్లు పట్టుకోండి, లేదా ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. వేలు ఒక అంగుళం లోపలికి దింపి, చెమ్మ తగలకపోతేనే పోయండి. బర్డ్స్ నెస్ట్‌కి నడి గుంటలో పోయకుండా చుట్టూ పోయండి, కొత్త ఆకు చుట్టుకుని వచ్చేది అక్కడి నుంచే.

వెలుతురు గురించి పీకాక్ ఫెర్న్ చెప్పినంత బాగా ఎవరూ చెప్పరు. పేరుకే ఫెర్న్, నిజానికి సెలాజినెల్లా, గుళ్ల దగ్గర సంజీవని అని అమ్మే ఎండు ముద్దకి చుట్టం. కాకపోతే సంజీవనిలా ఎండి మళ్లీ లేవదు, ఎండితే అంతే. నీడలో ఉంటే ఆకుల మీద నెమలి మెడలాంటి నీలం మెరుస్తుంది, ఎండ ఎక్కువైతే మామూలు ఆకుపచ్చ అయిపోతుంది. ఆ నీలం రంగు పదార్థం కాదు, ఆకు పైపొరలో వెలుతురు చేసే మాయ, అందుకే ఆకు తడిస్తే కూడా కాసేపు మాయమవుతుంది. మొదటిసారి చూసి నాకు టెన్షన్ వచ్చింది, ఆరాక మళ్లీ తిరిగొచ్చింది. నీలం తగ్గుతోందంటే కుండీని ఇంకొంచెం లోపలికి జరపండి.

ఏప్రిల్, మే నెలలకి 75 శాతం ఎండని ఆపే గ్రీన్ నెట్ కట్టండి. అసలు శత్రువు వడగాలి. మట్టి కుండీని దానికంటే పెద్ద కుండీలో పెట్టి మధ్యలో ఇసుక నింపి, రోజూ ఆ ఇసుకనే తడపండి, కూజా చల్లబడే లెక్కే ఇదీ. కుండీలన్నీ దగ్గర దగ్గరగా చేర్చండి. కుండీ మార్చడం, దుబ్బులు విడదీయడం మాత్రం మృగశిర కార్తె వానలు పడ్డాకే. ద్రవ ఎరువు వానాకాలంలో నెలకోసారి, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో పావు వంతు.

జపనీస్ పెయింటెడ్ ఫెర్న్ ఫొటో చూసి కొనకండి, దానికి నిజమైన చలికాలం కావాలి. మారేడుమిల్లి, అరకు దారిలో ఫెర్న్ పీక్కొచ్చి డిక్కీలో వేసుకోవడం కూడా మానండి.

ఒకసారి బర్డ్స్ నెస్ట్ ఆకు వెనక గోధుమరంగు గీతలు చూసి పురుగనుకుని వారం రోజులు వేపనూనె కొట్టాను. గీతలు పోలేదు, లేత ఆకులు మాత్రం మచ్చలు పడ్డాయి. అవి సిద్ధబీజాలు, ఫెర్న్ విత్తనాల్లాంటివి. నడి ఈనె నుంచి అంచు వైపు దువ్వెన పళ్లలా వరుసగా ఉంటే వాటి జోలికి వెళ్లకండి. అడ్డదిడ్డంగా అంటుకుని, గోటితో గీకితే ఊడొస్తే మాత్రం పొలుసు పురుగే, తడిగుడ్డతో తుడిచేయండి.