ఫొటో చూసి కొండలు వేసేటప్పుడు

రిటైరయ్యాక ఉదయగిరి దుర్గం ఎక్కి తీసుకున్న ఫొటోలు చూసి వాటర్ కలర్ వేస్తున్నాను. ఫోన్ ఫొటోను ఉన్నదున్నట్టు దించకండి, అందులో నీడలన్నీ నల్లగా పడతాయి. నల్లరంగు ట్యూబు ముట్టుకోకుండా అల్ట్రామెరైన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెనా (ఎర్రమట్టి గోధుమరంగు) కలపండి, నీడకు ప్రాణం వస్తుంది. ముందు దూరపు వెలికొండల వరసను పల్చటి నీలంతో వేసి, అది పూర్తిగా ఆరాకే దగ్గరి గుట్టకు రండి. ముందుకొచ్చేకొద్దీ నీళ్లు తగ్గాలి, రంగు చిక్కబడాలి.

మా నెల్లూరు ఎండల్లో ఇంకో తంటా. ఆకాశం సగం వేసేలోపే కాగితం ఆరిపోయి గీతలు కడుతుంది. మందపాటి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాగితాన్ని రెండువైపులా తడిపి, ఫ్యాన్ ఆపి కూర్చోండి. చెమట చుక్క పడిందా, అక్కడొక మబ్బు వేసేయడమే!